మా తమ్ముడి మీద ఓటు

ఆ ఆదివారం ప్రసంగంలో ఒక్క ముక్క నా చెవిన పడలేదు. మా తమ్ముణ్ణి కబడ్డీ జట్టులో ఉంచాలా తీసేయాలా అని ఆరాధన అయ్యాక చర్చిలోనే ఓటు పెడతారని పొద్దున్నే తెలిసింది. చాప మీద కుదురుగా కూర్చోలేక ఇటు జరిగి అటు జరిగి పక్కవాళ్ళని తినేస్తున్నాను. అమ్మ తొడ మీద గిల్లింది. అయినా కుదురెలా వస్తుంది?

అది తొంభైల చివర. పలాసలో మా సంఘానికి ఉన్న పిచ్చి రెండే, పాటలూ కబడ్డీనీ. జీడిపప్పు బట్టీల్లో పనిచేసే కుర్రాళ్ళే జట్టు, మేమే జనం. మా దగ్గర ఏది తేలాలన్నా చేతులెత్తించడమే పద్ధతి. పాస్టరుగారు ఉండాలా వెళ్ళాలా అన్నా, గోడలకి ఏ రంగు వేయాలన్నా, క్రిస్మస్‌కి బిరియానీయా పులిహోరా అన్నా అంతే. ఒక ఆటగాడి మీద ఎత్తించడం మాత్రం అదే మొదలు.

తమ్ముడికి పంతొమ్మిదేళ్ళు. కార్నర్‌లో నిలబడేవాడు. కూతకి వచ్చినవాడు లోపలికి అడుగేస్తే చాలు, వంగి మడమ దొరకబుచ్చుకునేవాడు, ఇక వదిలే ప్రశ్నే లేదు. నిరుటి దాకా టెక్కలి జట్టువాళ్ళు వాడి వైపు రావడానికే జంకేవారు. ఆ ఏడు ఏమొచ్చిందో, పట్టిన ప్రతి కాలూ జారిపోయేది. సోంపేటలో ఆఖరి కూతకి వచ్చినవాడి కాలు రెండు చేతులా పట్టుకుని కూడా వదిలేశాడు. ఓడిపోయాం. లారీలో తిరిగొస్తుంటే ఎవరూ వాడి పక్కన కూర్చోలేదు.

ఇక చూడండి, పప్పుకి పొట్టు తీసే మా బల్లల దగ్గర వారమంతా అదే గోల.

"ఆడికి బయమెట్టుకుంది," అంది నా ఎదురుగా కూర్చునే చిన్నమ్మ. "కాలు తగుల్తాదని సేతులు ముందే తీసేత్తన్నాడు. నాను సూసినాను."

"నువ్వు సూసింది బజ్జీల బండిని," అన్నాను.

"అక్కవి, నీకు కోపం రాక ఏటవుద్ది. జట్టు నీ తమ్ముడొక్కడిది కాదమ్మా, అందరిదీ."

"నిరుడు గెలిసినప్పుడు ఆడు మా కుర్రోడని ఊరంతా సెప్పుకు తిరగలేదేటి?"

బల్లంతా నవ్వింది. చిన్నవాడు, ఇంకో ఆట చూద్దాం అనేవాళ్ళు కొందరు. ఒక్కడి కోసం జట్టుని ముంచుకుంటామా అనేవాళ్ళే ఎక్కువ. టీ బడ్డీ దగ్గర మగవాళ్ళదీ అదే వాదన. తమ్ముడు మాత్రం నోరు విప్పేవాడు కాదు. ఆ ఏడే నాన్న కిడ్నీలు పాడై మంచాన పడితే, గింజలు కోసే మెషిన్ దగ్గర ఆయన చోట్లో వాడు కూర్చున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి స్పూనుతో అన్నం తిని పడుకునేవాడు. "దొరగారు సేత్తో తింటే అరగదేటి" అని నేను వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకునేవాడు.

ఆఖరి పాట అయింది. జట్టు కెప్టెన్ లేచాడు. మా మేనత్త కొడుకు, నాకు బావ. తలెత్తకుండానే మాట్లాడాడు.

"ఈస్టర్ మర్నాడు బారువ సముద్రం ఒడ్డున ఆట. ఆళ్ళు ఇసకలోనే పెరిగినోళ్ళు. నానేటి సెయ్యాలో మీరే సెప్పండి."

"ఈడిని తీసేసి ఇంకొకణ్ణి పెడదామన్నోళ్ళు సేతులెత్తండి," అన్నారు సంఘ పెద్ద.

చేతులు లేచాయి. అందరికంటే ముందు చిన్నమ్మది. నేను వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ చూసి పెట్టుకుంటున్నాను, తర్వాత కడిగేద్దామని. అన్నీ జీడి చేతులే. గింజ పెంకులోని చర్మాన్ని కాల్చే రసం అంటి నల్లబడ్డ వేళ్ళు, గీతలు చెరిగిపోయిన అరచేతులు. అప్పుడు తలుపు దగ్గర ఇంకో చెయ్యి లేచింది. మా తమ్ముడిది.

ఆ అరచేతికి చర్మం లేదు. నడుమ ఎర్రగా పచ్చి మాంసం, అంచుల్లో వేలాడుతున్న పొరలు.

బావ వాడి దగ్గరకి నడిచాడు. "ఏట్రా అది? ఎప్పటినుండి? సెప్పాల కదరా."

"ఏటి సెప్పను బావా," అన్నాడు తమ్ముడు. "ఇక్కడ అందరి సేతులూ ఇంతే కదా."

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. కొందరు వాటిని తిప్పి చూసుకున్నారు. పట్టు ఎందుకు జారుతోందా అని వాడి గుండెలో వెతికాం, కాళ్ళలో వెతికాం, పొగరులో వెతికాం. ఊరంతా జీడిలో చేతులు పెట్టేవాళ్ళమే, చేతులు చూడాలని ఒక్కరికీ తట్టలేదు. స్పూను చూస్తూ కూడా నాకూ తట్టలేదు.

ఉంచాలన్నవాళ్ళు చేతులెత్తండి అని పెద్దాయన అడగనే లేదు. అడక్కపోయినా నేను ఎత్తాను. నా ఒక్కదానిదే. బావ చూసినా దించలేదు.

"దింపు," అన్నాడు బావ మెల్లిగా. "ఆ సేతుల్తో ఆడెలా పడతాడు, నువ్వే సెప్పు."

దించాను. కొన్నాళ్ళు బట్టీకి వెళ్ళకపోతే చర్మం వస్తుంది. వాడు వెళ్ళకపోతే ఇల్లు గడవదు.

బారువలో మా జట్టు గెలిచింది. మా తమ్ముడి చోట్లో నిలబడ్డ కొత్త కుర్రాడు ఆఖరి కూతకి వచ్చినవాడి మడమ పట్టేశాడు. మావాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. తమ్ముడు నా పక్కనే నిలబడి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, గొంతు పోయేలా అరుస్తున్నాడు. ఎండుచేపల తట్ట దించుకుని ఆట చూస్తున్న ఆ ఊరి ముసలామె వాణ్ణి ఎగాదిగా చూసింది.

"మీ జట్టే కదేటి బాబూ, సప్పట్లు కొట్టవేటి?" అంది.

నేను వాడికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. వాడి బదులు నేనే కొట్టాను, నా అరచేతులు మండేదాకా.