మార్టిన్ కంబళి

సువార్తమ్మ మదనపల్లె నుంచి కురబలకోటకు నడిచి వచ్చేది. భర్త పోయాక క్రైస్తవ మఠంలోని కన్యాస్త్రీలు ఆమెకు ఊళ్లలో పునీతుల కథలు చెప్పే పని ఇచ్చారు. యుద్ధం రోజులవి. ఆమె వీధి మలుపులో కనబడగానే మా అత్త రాములమ్మ కడవ మీద మూత పెట్టేది. ఇలాంటివాళ్లు ఇంట్లో నీళ్లే చల్లి తమ మతంలో కలుపుకుంటారని ఊళ్లో చెప్పుకునేవారు. సువార్తమ్మ అది గమనించేది. దాహమైనా నీళ్లు అడిగేది కాదు.

పుస్తకంలో ఉన్నట్టే చెబితే మా ఆడవాళ్లు మధ్యలోనే లేచి వెళ్లిపోతారని ఆమెకు తెలుసు. అందుకే ఎక్కడెక్కడి పునీతులో ఆమె నోట సంగటి తినేవారు, గొర్రెలు తోలేవారు. నాలుగో తరగతితో బడి మాన్పించిన నాకు ఆ కథలంటే ఆశ. తలుపు చాటున నిలబడి వినేదాన్ని.

ఒకనాడు మా అరుగు మీద కూర్చుని మార్టిన్ అనే సిపాయి కథ ఎత్తుకుంది. చలికి వణుకుతున్న బిచ్చగాణ్ణి చూసి మార్టిన్ తన కంబళిని కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చాడంది.

దొడ్లో గొర్రెలకు ఆకు వేస్తున్న మా మామ రంగప్ప అరుగు దగ్గరికి వచ్చాడు.

"ఏం కోసినాడమ్మా?"

"కంబళప్పా."

గొర్రెలు కాసే మేము కంబళి పరిచి దాని మీదే దేవుణ్ణి కూర్చోబెడతాం. దానికి కత్తి తగలనివ్వం. ఆ సంగతి ఆమెకు తెలియదు.

"సూస్తివా," అన్నాడు మామ అత్తతో. "నువ్వు నీళ్లకు కాపలా కాస్తాండావు. ఈమె కత్తి తెచ్చిండాది. ఈ పొద్దు కథలో కోయిస్తాది, రేపు మన సేతనే కోయిస్తాది. ఇంక మా అరుగెక్కొద్దమ్మా."

మా అరుగు మూసుకుంటే, మామ మాట దాటని ఆ వీధిలో ఏ ఇల్లూ ఆమెను రానివ్వదు. ఆమెకు వేరే బతుకుదెరువు లేదు.

మరుసటి వారం వచ్చి వీధిలోనే నిలబడింది.

"మళ్లీ యాల వస్తివి?" అన్నాడు మామ.

"ఒక మాట అడిగి పోతానప్పా. చలికి వణుకుతా ఎవరన్నా వస్తే మీరేం చేస్తారు?"

మామ ఆమె సంచీకేసి చూశాడు. "కోసేదెందుకు? కంబళి కిందనే పక్కలో పండబెట్టుకుంటాం. గొర్రెను ఎత్తుకపోకుండా వాని మీద ఒక సెయ్యేసి."

అత్త నవ్వు కనబడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మార్టిన్‌ది కంబళి కాదప్పా. సిపాయిలు పైన కప్పుకునే బట్ట. మీకు తెలిసేటట్టు నేనే కంబళి అంటిని."

"అట్లయితే కోయలేదని సెప్పు. పక్కలో పండబెట్టుకున్నాడని సెప్పు. అరుగెక్కు."

"బట్ట అని చెబుతాను," అంది సువార్తమ్మ. "కోయలేదని చెప్పను. ఆయన కోసినాడు."

"అబద్ధమాడితే అరుగు దొరుకుతాది గదమ్మా."

ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఆగు," అన్నాడు మామ. కర్ర మోకాళ్ల మీద అడ్డం పెట్టుకుని అరుగు కొసన కూర్చున్నాడు. "అరుగెక్కి బట్ట కథే సెప్పు. నేనీడే ఉంటా."

ఆమె మొదలుపెట్టింది. మార్టిన్ కత్తి దూసే చోటికి వచ్చేసరికి మామ కథ వినడం లేదు. గొర్రెను ఎత్తుకుపోతారేమోనన్నట్టు ఆమె చేతులకేసే చూస్తున్నాడు.