సఖీర్ ఎడారిలో ఒక్క గెంతు

శుక్రవారం పొద్దున్న ఆరున్నరకి అమ్వాజ్‌లో బస్సెక్కాను. బహ్రెయిన్‌లో ఇళ్ళలో పనిచేసే నాబోటివాళ్ళకి వారానికొకటే సెలవు. ఆ రోజు జిదాఫ్స్ కార్మికుల క్యాంపులో ఉండే మా ఆయన్ని చూడటానికే సరిపోతుంది. మనామాలో బస్సు మారాలి. టికెట్ మూడొందల ఫిల్సే గానీ ఏసీ ఎముకలు కొరికేస్తుంది, శాలువా మర్చిపోకండి.

ఈసారి ప్రయాణం జిదాఫ్స్‌తో ఆగలేదు. నేను పనిచేసే ఇంటి సారు అమెరికా మనిషి. ఆయనకి బేస్‌బాల్ పిచ్చి, అదీ మామూలు పిచ్చి కాదు. డబ్బిచ్చి ఆడించడం మొదలైన తొలినాళ్ళలో ఎలా ఆడారో అచ్చం అలాగే ఆడాలట. చేతికి తొడుగులుండవు. ఆటంతటికీ ఒకటే బంతి. అంపైరుకి కనబడకపోతే చూసేవాళ్ళని అడిగి తీర్పు చెబుతాడట. మంచి ఆటగాడు దొరికితే ఏదో కొట్లో గుమాస్తా ఉద్యోగమిచ్చి మరీ జట్టులోకి లాక్కునేవారట.

"మీ ఆయన క్రికెట్‌లో క్యాచులు బాగా పడతాడన్నావుగా. శుక్రవారం ఆటలో మమ్మల్ని గెలిపిస్తే మా బిల్డింగు మెయింటెనెన్స్‌లో ఉద్యోగం, కింద గదీ ఇప్పిస్తా. వీసా ఇచ్చిన కఫీల్‌తో నేను మాట్లాడతా" అన్నారు సారు. నాకు రాత్రంతా నిద్ర లేదు. మొగుడూ పెళ్ళాలమై ఉండి వారానికోసారి చుట్టాల్లా కలుసుకోవడం ఎంత విసుగో మీకేం తెలుసు!

తొమ్మిదింటికి మా ఆయనతో కలిసి క్యాంపు మినీబస్సెక్కాను. పక్క సీట్లో జగిత్యాల మేస్త్రి మల్లేశ్‌కి పులిహోర పెట్టాను. బహ్రెయిన్‌ని కూడా దుబాయనే అంటాడతను. "ఇన్నేండ్ల దుబాయిల గీ ఆట సూడలేదక్కా" అన్నాడు తింటూ.

పదింటికి ఆట జరిగే సఖీర్ ఎడారి చేరాం. చలికాలం కాబట్టి ఎండ హాయిగానే ఉంది, ఇసుక మాత్రం పులిహోరలోకి కూడా వచ్చింది. మొదటివాడు బంతి కొట్టి, బ్యాటు కిందపడేసి పరుగందుకున్నాడు.

"గదేందక్కా, కట్టె ఇడిసిపెట్టి ఉరుకుతుండు? ఎవడన్న ఎత్తుకపోతే?" అని మల్లేశ్ లేచి నిలబడ్డాడు.

మా ఆయన సూర్రావు ఆ తప్పు చేయలేదు. బ్యాటు చంకలో పెట్టుకుని పరిగెత్తి, గీత మీద దాన్ని ఆనించి మరీ నిలబడ్డాడు. వద్దని చెప్పాక రెండోసారి భద్రంగా తెచ్చి నా చేతికిచ్చి వెళ్ళాడు. ఇంతలో బంతి పికప్ బండి కిందికి దొర్లింది. ఒకటే బంతి కదా, రెండు జట్లూ బోర్లా పడుకుని వెతికాయి.

చివరికి అవతలివాళ్ళ ఆఖరి మనిషి మిగిలాడు. వాడు ఔటైతే గెలుపు మాదే. వాడు కొట్టిన బంతి వెనక్కి లేచి మేం కూర్చున్న టెంటు వెనక్కి పోయింది. మా ఆయన ఒక్క దూకు దూకి పట్టేశాడు. అది నేలకి తగిలి గెంతాక పట్టడం చూసింది టెంటు చివర నిలబడ్డ నేనొక్కదాన్నే.

అంపైరు కేరళ పెద్దాయన. నా దగ్గరికొచ్చి, టోపీ తీసి, "నేలకి తగిలిందామ్మా?" అని హిందీలో అడిగాడు. మా ఆయన ఇసుకలో కూర్చుని నన్నే చూస్తున్నాడు. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఈ దేశం వచ్చాక నా మాట కోసం ఇంతమంది ఆగి నిలబడటం అదే మొదటిసారి.

"తగిలింది సార్. ఒక్క గెంతు గెంతింది" అన్నాను. గది పోయింది, మొగుడు పోయాడు అనుకుని తల పట్టుకున్నాను.

"ఔట్!" అని అరిచాడాయన.

ఆ పాత ఆటలో వెనక్కి పోయిన బంతిని ఒక గెంతు తర్వాత పట్టినా ఔటేనట! రెండు గెంతులైతేనే కాదట, అందుకే అడిగాడట. సారు పరుగున వచ్చి మా ఆయన్ని ఎత్తుకున్నంత పని చేశారు. గది ఖాయమన్నారు. నేను మాత్రం కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం నాలుగింటికి తిరుగు బస్సు. సఖీర్ వెళ్ళాలనుకునేవాళ్ళకి నా సలహా, రోజు బాగా గడుస్తుంది, నీళ్ళు ఎక్కువ తీసుకెళ్ళండి. జిదాఫ్స్ దగ్గరపడుతుండగా మా ఆయన్ని అడిగాను.

"ఆ రూలు మీకు ముందే తెలుసా?"

"ఒట్టే, తెలీదు. నువ్వు నోరు తెరవగానే ఖలాస్ అనుకున్నాను. పీక నొక్కేద్దామన్నంత కోపమొచ్చింది."

"మరిప్పుడో?"

"ఇప్పుడు భయమేస్తోందే. ఇహ రోజూ ఒకే గదిలో నీకు అబద్ధం చెప్పకుండా ఎలా బతకాలో ఏంటో!" అంటూ దిగిపోయాడు.