దేవదానం బుక్కుల పుల్ల తియ్యకుండ్రి

అరవై ఏండ్ల సంది ఒక కోపం కడుపుల పెట్టుకున్న. నలుగురి ముందర నా చేతిల అ ఆల పుస్తకం పెట్టిండు దేవదానం. మీసం మెలేసి తిరిగే మల్లయ్య చేతిల!

ఎందుకట్ల చేసినవ్ర అని ఒక్కసారన్న గట్టిగ అడగాలనుకున్న.

నిన్న పొద్దుగాల ఫోనొచ్చింది. దేవదానం లేడని.

చాయ గ్లాసు చేతుల అట్లనే ఉన్నది. "ఏ దేవదానం?" అన్న. నాకు ఇంకో దేవదానం ఉన్నట్టు.

ఇయ్యాల కట్టంగూర్ల మట్టి చేసిండ్రట. నేను పోలే. మా మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మోకాళ్లు కట్టెలైనయ్. బస్సు మెట్టు ఎక్కలేను. అందుకే గీ పోస్ట్. ఒక్క వేలుతోని కొడ్తున్న. తప్పులుంటే నవ్వుకోండ్రి, నాకేం.

సుగుణా, బిడ్డా. పొద్దటి సంది నీ ఫోన్ బంద్ వస్తాంది. బాపు పోయిన ఇంట్ల ఫోన్ ఎవరు చూస్తరు, నాకెరుకే. గీ పోస్ట్ చూసినోళ్లు ఎవరన్న దేవదానం బిడ్డ సుగుణకు చెప్పుండ్రి. దవాఖాన బ్యాగుల ఒక బుక్ ఉంటది. దాంట్ల చీపురు పుల్ల ఉంటది.

బుక్ దులపకుండ్రి. పుల్ల తియ్యకుండ్రి.

ఎందుకో చెప్త.

యాభైలు పోయి అరవైలు వస్తున్న రోజులు. మా ఊర్ల లైబ్రరీ అంటే ఒక చిన్న అర్ర, ఒక్క బీరువ. చూసుకునేటోడు దేవదానం. కూలోళ్ల ఇంట్ల పుట్టి, మిషన్ బడిల సదువుకొని వచ్చిండు. నా ఈడోడే.

వాని రివాజు ఒక్కటే. బుక్ పూర్తి చెయ్యాలని జబర్దస్తీ లేదు. యాడ ఆగిపోతె ఆడ చీపురు పుల్ల పెట్టి వాపస్ తేవాలె. ఆ పేజీ సదివి, ఇంకో బుక్ తీసేటోడు.

బాయిలు తవ్వే ఎల్లయ్య నీళ్లు యాడ పడ్తయో చెప్పే బుక్ అడిగిండు. ఇచ్చిండు. భూమి పొరలల్ల పాత బొక్కలు, ఎముకలన్నట్టు, దొరుకుతయ్ అన్న కాడ పుల్ల పెట్టి తెచ్చిండు ఎల్లయ్య. దేవదానం ఎన్కటి జంతువుల బుక్ తీసి ఇచ్చిండు.

"పిలగా, నీళ్లు అడిగితే బొక్కలు ఇస్తవేందిర?"

"సదువు మామా, నచ్చకపోతే పుల్ల ఉన్నది గదా."

వారం తిరగకముందే వచ్చిండు ఎల్లయ్య. "ఇంక పెద్ద జంతువులు లేవార?" అని. ఆడికెల్లి రాజుల చరిత్ర, ఆడికెల్లి చుక్కల బుక్. బాయిల దిగేటోడు ఆకాశం సంగతి చెప్పవట్టె.

నేను చూస్తనే ఉన్న. నేను మాత్రం తక్కువనా?

గొర్లు కాసేటోన్ని, నేనూ పోయిన. నాకు సదువు రాదని చెప్పలే. గర్వం.

మొదలు డిటెక్టివ్ నవల ఇచ్చిండు. గొర్ల ఎంట పట్టుకపోయి, సంకల పెట్టుకొని తిరిగి, నడిమిట్ల ఒక పుల్ల పెట్టి ఇచ్చిన. "హంతకుడు దొరకకముందే ఆగినవ్, భయమైందార?" అన్నడు. "ఊ" అన్న. పద్యాలిచ్చిండు. నడిమిట్లనే పుల్ల. గొర్ల రోగాల బుక్ ఇచ్చిండు. దాంట్ల సుత నడిమిట్లనే.

ఆఖరుకు ఒక కొత్త బుక్ ఇచ్చిండు. కొత్త బుక్కులల్ల కాగితాలు కొన్ని అంచుకాడ అతికే ఉండేటియి. కత్తితోని కోసుకుంట సదవాలె. నాకేమెరుక? ఎనుక పేజీలల్ల పుల్ల పెట్టిచ్చిన. ముందర కాగితాలు ఒక్కటి కోయలే.

దేవదానం చూసిండు. నా దిక్కు చూసిండు. బీరువల కెల్లి అ ఆల పుస్తకం తీసి, అందరున్న కాడ నా చేతిల పెట్టిండు.

"దీంట్ల పుల్ల యాడ పెడ్తవో నేనే వచ్చి చూస్త" అన్నడు.

ఎవడో కిసుక్కున నవ్విండు. నా చెవులు కాలినయ్.

పుస్తకం బాయిల పారేద్దామనుకున్న. తెల్లారి గొర్ల కాడికి నడుసుకుంట వచ్చిండు వాడు. ఎండల, చెప్పులు లేకుంట. "పుల్ల చూపియ్యి" అన్నడు. పక్కన కూసొని ఇసుకల 'అ' రాసిండు. ఎండకాలమంత వచ్చిండు.

ఆ వారంలనే ఇంకో నలుగురు అదే పుస్తకం అడిగిండ్రని తర్వాత తెల్సింది. ఇద్దరు ఆడోళ్లు. నాకు ఇచ్చింది చూసినంకనే వాళ్లకు ధైర్యమొచ్చిందట.

అయినా నా కోపం నాదే. చాటుకు ఇస్తే ఏం పోయేది?

ఇగ ఇప్పటి సంగతి. పోయిన వారం దవాఖానల కెల్లి ఫోన్ చేసిండు. గొంతు సన్నగయ్యింది.

"కొత్త బుక్ మొదలువెట్టిన మల్లయ్యా. సముద్రం మీద పోయేటోళ్ల కథ. మనమిద్దరం సముద్రం చూల్లే గదా."

"బుక్కుల యాడిదాక వచ్చినవ్ర?"

"పడవ ఇంక ఒడ్డు దాటలే."

గంతే. దగ్గొచ్చింది. ఫోన్ పెట్టేసిండు. నేను మల్ల చెయ్యలే. రేపు చేద్దామనుకున్న.

పడవ ఒడ్డు దాటిందా లేదా? నిన్నటి సంది ఇదే ఫికర్. బువ్వ పోతలేదు. ఎవరన్న బ్యాగు కుమ్మరిస్తే, పుల్ల కిందపడితే, వాడు యాడ ఆగిండో ఇగ ఈ లోకంల ఎవరికీ తెల్వది.

ఐతారం ఇల్లు కడుగుతరట. అందుకే శనివారం పొద్దుమూకేలోపల నాకు జవాబు కావాలె సుగుణా. ఎన్నో పేజీల ఉన్నది పుల్ల? చూసి చెప్పు. బుక్ అట్లనే గట్టిగ దారం కట్టి బస్సుల పంపు.

ఎవరన్న నన్ను మోసుకపోయినా సరే, వాని సమాధి కాడికి వస్త. పుల్ల ఉన్న కాడికెల్లి మిగిలిందంత పైకి సదివి ఇనిపిస్త.

మెల్లగ సదువుత దేవదానం. నీకిప్పుడు తొందరేం లేదు గదా. సల్లగ పండు.

శనివారం, బిడ్డా. మర్వకు.