పై-లిన్ కత్తెర

చువాంగ్ పై-లిన్ ఏం ఉద్యోగం చేస్తుందో వాళ్ళత్తగారికి ఎన్నిసార్లు చెప్పినా బోధపడలేదు. సిన్‌చులో ఆమె కంపెనీ కంప్యూటర్లను అద్దెకిస్తుంది. ఒక్కో పెద్ద కంప్యూటరు పొట్టలో బోలెడు ఉత్తుత్తి కంప్యూటర్లు కాపురముంటాయి. వాటిని అతిథులంటారు. అతిథిని నడిపించే మూల ప్రోగ్రాం పేరు కెర్నల్. దాన్ని తయారుచేసేటప్పుడు వేలకొద్దీ ప్రశ్నలడుగుతుంది: ఈ పరికరాన్ని ఉంచాలా, తీసెయ్యాలా? వాటికి జవాబులు చెప్పడమే పై-లిన్ పని. ఇంటికొచ్చిన చుట్టానికి టీ పోసి కూర్చోబెట్టక ఇన్ని ఆరాలేమిటని అత్తగారు విసుక్కునేది.

అంతకుముందు ఆ పని ఫాన్ చిన్-హై గారు చూసేవారు. ఆయన కెర్నల్‌లో లేనిదంటూ లేదు. ఆయన రిటైరై బేపూ అనే పల్లెలోని సొంతింటికి చేరగానే, అక్కర్లేనివి తీసెయ్యడానికి పై-లిన్ కత్తెర పట్టింది. పాతకాలపు ఫ్లాపీ డ్రైవు పోయింది. ఉత్తుత్తి యంత్రానికి వైర్‌లెస్ దేనికని నవ్వి అదీ పీకేసింది. అతిథులు రెప్పపాటులో మేలుకోసాగాయి. మేనేజరు లియావ్ గారు మురిసిపోయి ఏడాది చివరి విందులో ఆమె చేత ఉపన్యాసం ఇప్పించి, బహుమతి కూడా ఇచ్చారు.

విందు అరగకముందే ఒక కార్ఖానా వాళ్ళు వచ్చారు. వాళ్ళ పాత యంత్రానికి ఫ్లాపీ తప్ప మరో భాష రాదట. పై-లిన్ పళ్ళు బిగించి ఫ్లాపీని మళ్ళీ చేర్చింది. తర్వాత ఒక కాలేజీ వాళ్ళు ఉత్తుత్తి వైర్‌లెస్ మీదే పరిశోధన చేస్తామన్నారు. అదీ చేరింది. ఈసారి లియావ్ గారు ఆమె పట్టువిడుపులను మెచ్చుకున్నారు.

ఎండాకాలంలో అతిథులన్నిటినీ కొత్త పెద్ద కంప్యూటర్లలోకి మార్చారు. ఒక్కటీ లేవలేదు. అక్కడ డిస్కు వేరే తీరుగా కనిపిస్తుంది. దాన్ని గుర్తుపట్టే ముక్కను పై-లిన్ ఎప్పుడో కత్తిరించేసింది. ఫాన్ గారి పాత కెర్నల్ వేయగానే అన్నీ బుద్ధిగా లేచి కూర్చున్నాయి. ఆమెకు సిగ్గుతో తలకొట్టేసినట్టయింది.

ఆ ఆదివారం అనాస కేకుల డబ్బా పట్టుకుని బేపూ వెళ్ళింది. ఫాన్ గారు అరుగు మీద కూర్చుని, ఆ ఊరి అలవాటు ప్రకారం టీలో కలపడానికి నువ్వులు, వేరుశనగలు నూరుతున్నారు.

"ఆ డిస్కు అవసరమొస్తుందని అప్పుడే ఎలా ఊహించారండీ?" అని అడిగింది.

ఆయన రోకలి ఆపారు. "ఏ డిస్కు?"

పై-లిన్ జరిగిందంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అమ్మాయ్, అవన్నీ ఎవరు చదివారు? ఎంటర్ మీట నొక్కితే 'ఉంచు' అన్నట్టే. దాని మీద టీ కప్పు పెట్టి భోజనానికి వెళ్ళేవాణ్ణి. వచ్చేసరికి అయిపోయుండేది."

"ఇంట్లోనూ అంతే," అంది లోపలినుంచి ఆయన భార్య. "ఏమడిగినా ఊఁ అంటారు. ఏమడిగానో ఆయనకి తెలీదు."

"నీకేదో బహుమతి ఇచ్చారటగా," అన్నారు ఫాన్ గారు మాట మారుస్తూ. "దేనికీ?"

"ప్రతి ప్రశ్నకీ ఆలోచించి జవాబు చెప్పినందుకండీ."

ముసలాయన జాలిగా చూసి, ఆమె టీ గిన్నెలో ఇంకో గరిటె నువ్వుల ముద్ద వేశారు.

సోమవారం పై-లిన్ ఆ ముక్కను తిరిగి చేర్చింది. ఏ మార్పు చేసినా కారణం రాయాలన్నది కంపెనీ నియమం. చాలాసేపు ఆలోచించి, 'పెద్దల అనుభవం మేరకు' అని రాసింది. లియావ్ గారు దాన్ని మీటింగులో అందరికీ చదివి వినిపించి, వినయమంటే ఇదీ అన్నారు.