గంటె మోగిన గురువారం

నిన్న మా మనవరాలు బడి నుంచి వస్తూనే వాళ్లమ్మ ఫోనులో ఒక మెసేజి తెచ్చి చూపించింది. వాళ్ల తరగతిలో ధ్వని గురించి పాఠమట, ప్రాజెక్టుకు రెండు కాగితం కప్పులూ, దారమూ కావాలట. ధర్మవరంలో దారానికేం కొదవ! మగ్గాలున్న ఇల్లు మాది, ఏ సంచి దులిపినా పట్టుపోగులు రాలతాయి. వెతుకుతూ వెతుకుతూ, టీచరుగా చేరిన తొలి ఏడు నేనూ ఇదే పాఠం చెప్పిన వారం గుర్తుకు వచ్చి, ఆ సంచి ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను.

నా తొలి పోస్టింగు సోమందేపల్లి దగ్గర ఒక పల్లెలో. పెనుకొండలో గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే హిందూపురం బస్సెక్కి, దారిలో దిగి, వేరుశెనగ చేల మధ్య నుంచి నడిచి వెళ్లేదాన్ని. బడంటే ఒకటే గది, మూడు తరగతులూ అందులోనే. అట్లాంటి బళ్లలో చదివినవాళ్లకూ, చెప్పినవాళ్లకూ ఆ గోల ఎట్లా ఉండేదో నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ గోలంతటిలోనూ మూడో తరగతి పిల్ల ఒకతె మాత్రం గోడకానుకుని మౌనంగా కూర్చునేది. గట్టిగా అరిస్తే తప్ప పలికేది కాదు, పలికినా ముద్దముద్దగా ఒక మాట. తోటి పిల్లలు మొద్దు అనేవాళ్లు. తల్లి పురిట్లోనే పోవడంతో అవ్వ పెంచిన పిల్ల అది. వాళ్ల ఇల్లు బడి వెనకాలే.

ధ్వని పాఠం మొదలుపెట్టే సోమవారం, ఆదివారానికి ఇంటికెళ్లిన నేను ధర్మవరం నుంచి వస్తూ పట్టుదారం ఒక ఉండ తెచ్చాను. పిల్లల చేత రకరకాల చప్పుళ్లు వినిపించాను, పలక మీద కొట్టించాను, ఖాళీ డబ్బాలో రాళ్లు వేసి ఆడించాను. మరునాడు అగ్గిపెట్టెలకు దారం కట్టి టెలిఫోన్లు చేశాం. గది ఆ చివరి నుంచి ఒకరు గుసగుసలాడితే ఈ చివర వినేవాళ్లు పడీపడీ నవ్వడం. ఆ పిల్ల వంతు వచ్చింది. పెట్టె చెవి దగ్గర పెట్టుకుని, కాసేపు అందరి మొహాలూ చూసి, దాన్ని కింద పడేసి గోడ దగ్గరికి వెళ్లిపోయింది. ఆ మొహం చూసినప్పటి నుంచీ నాకు ముద్ద దిగలేదు.

బుధవారం వాళ్ల నాయన బడికి వచ్చాడు. గొర్రెలు కాస్తూ, ఉన్న కాస్త మెట్టచేను చేసుకునే మనిషి. గడప అవతలే నిలబడి, "వచ్చే సోమారం నుంచి పాపను గొర్రెల కాడికి తోలుకపోతా టీచరమ్మా. దానికి సదువు రాదు" అన్నాడు. ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు. తన అక్క కూడా చిన్నప్పుడు బాగానే వినేదట, రానురాను చెవులు పోయి, ఆ వెనకే మాటా పోయి, కడదాకా ఎవరికీ కాకుండా ఒక మూలన బతికి పోయిందట. "మా అక్కకీ ఇట్లే మొదలైంది. ఆస్పత్రికి పోతే ఆ మాటే చెప్తారు, ఇంకేం చెప్తారు? నేను ఇనలేను" అని కండువాతో మొహం తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

గురువారం నేను ముందుగా అనుకున్న పాఠమే చేయించాను. వంటగంటె ఒకటి కావలసి ఆ అవ్వనే అడిగితే ఆవిడే పట్టుకొచ్చి, చూద్దామని గుమ్మంలో కూర్చుంది. గంటెకు దారం కట్టి, దారం కొస పళ్ల మధ్య పట్టుకుని, వేలాడే గంటెను బల్లకు తగిలిస్తే, బయటివాళ్లకు టంగుమని చిన్న చప్పుడే, పట్టుకున్నవాళ్లకు మాత్రం తల లోపలే గుడిగంట మోగినట్టు ఉంటుంది. పిల్లలందరూ అయ్యాక ఆ పిల్లను చెయ్యి పట్టుకుని లేపాను. దారం కరిచింది. గంటె తగిలించాను. ఉలిక్కిపడింది. కళ్లు పెద్దవి చేసి నా వైపు చూసి, ఇంకోసారి కొట్టమని సైగ చేసింది. మళ్లీ కొట్టాను. నవ్వింది. ఆ పిల్ల నవ్వడం నేను చూడటం అదే మొదలు. అవ్వ లేచి నిలబడి, "నా బిడ్డకి ఇనపడ్తాండాది టీచరమ్మా! ఇనపడ్తాండాది!" అని గదంతా దద్దరిల్లేట్టు అరిచింది.

ఇంక ఆస్పత్రికి కొడుకును ఒప్పించే పని ఆవిడే చూసుకుంది. శనివారం నేనూ, ఆ తండ్రీ, పిల్లా హిందూపురం ఆస్పత్రికి వెళ్లాం. డాక్టరు చెవుల్లో దీపం వేసి చూశాడు. చివరికి తేలిందేమిటంటే, రెండు చెవుల్లోనూ ఏళ్ల తరబడి గుబిలి రాయిలాగా గడ్డకట్టింది, ఎడమ చెవిలో దాని వెనకాల బలపం ముక్క కూడా ఉంది. ఏదో మందు వేసి నానబెట్టి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఓపికగా అంతా తీశాడాయన. లోపల చెవి బాగుందని, అందుకే పళ్ల ఎముక గుండా గంటె చప్పుడు తెలిసిందని చెప్పాడు.

వరండాలోకి వచ్చాక ఆ తండ్రి నాలుగడుగులు వెనకబడ్డాడు. మెల్లగా, తనకే వినపడనంత మెల్లగా, "పాపా" అన్నాడు. పిల్ల తిరిగి చూసింది. ఇంకొంచెం దూరం జరిగి మళ్లీ పిలిచాడు. మళ్లీ తిరిగింది. మూడోసారి పిలిచేసరికి, "ఏంది నాయనా, ఊరికే పిలుస్తాండావు?" అని ముద్దముద్దగానే విసుక్కుంది. అతను అక్కడే మెట్టు మీద కూలబడి కండువాలో మొహం దాచుకున్నాడు. నాకైతే వారం నుంచి గుండె మీదున్న బండను ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది.

ఆ పిల్ల గొర్రెల కాడికి పోలేదు. మాట తేటపడింది, తరువాత తరువాత వాగుడుకాయ అని నేనే గదమాయించాల్సి వచ్చింది. నాకు తాడిమర్రికి బదిలీ అయ్యాక కూడా, సోమందేపల్లి హైస్కూలుకు వెళ్తోందని కబురు తెలిసి ఎంత హాయిగా అనిపించిందో.

ఇప్పుడు డాక్టర్లే బళ్లకు వచ్చి పిల్లల కళ్లూ చెవులూ చూసి పోతున్నారు. మంచిదే, ఒక టీచరు కంటపడితేనే బాగుపడాలన్న గతి ఇప్పుడు లేదు. కానీ మా రోజుల్లో ఒక్క పాఠం దగ్గర వారమంతా ఆగిపోయినా ఎందుకని అడిగేవాళ్లు ఉండేవాళ్లు కాదు. ఆ తీరిక ఉండబట్టే, గోడకానుకుని కూర్చున్న పిల్ల మొహం నేను చూడగలిగాను.