టికెట్ లేని సాయం

రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందు, ఫాల్ సెమిస్టర్‌లో జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను నార్త్ కరోలినాలో ఒక యూనివర్సిటీ ఆన్‌లైన్ కోర్సుల విభాగంలో సీనియర్ అడ్మినిస్ట్రేటర్‌ని. పాఠాలు, పరీక్షలు, మార్కులు, విద్యార్థుల సందేశాలు అన్నీ మా సిస్టమ్‌లోనే ఉండేవి. హోదా వినడానికి ఘనంగా ఉన్నా, రోజులో సగం పాస్‌వర్డ్ మర్చిపోయిన ప్రొఫెసర్లను ఓదార్చడంతోనే సరిపోయేది. అది చాలనట్టు, విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే ఫెర్పా చట్టం మీద ఏడాదికోసారి సిబ్బందికి గంటసేపు క్లాసు పీకేవాణ్ని.

మా స్క్రీన్ మీద ఒక ప్రమాదకరమైన బటన్ ఉండేది. దాన్ని నొక్కితే పాస్‌వర్డ్ లేకుండా ఏ విద్యార్థి అకౌంట్‌లోకైనా ఆ విద్యార్థిగానే వెళ్లిపోవచ్చు. అందుకే కట్టుదిట్టమైన నియమం పెట్టుకున్నాం. ముందు విద్యార్థి టికెట్ పెట్టాలి, అంటే సమస్యను రాతపూర్వకంగా నమోదు చేసి, లోపలికి రావడానికి అనుమతి ఇవ్వాలి. పని అయ్యాక మేం ఏమేం చూశామో అందులోనే రాయాలి. పరీక్ష పేజీని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకూడదు. ఈ నియమం రాసిన మహానుభావుడు నేనే.

ఒక శనివారం మోరిస్‌విల్‌లోని మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. భోజనాలకు వచ్చినవాళ్లలో లిఖిత ఉంది. వరంగల్ అమ్మాయి, మా యూనివర్సిటీలోనే మాస్టర్స్ చేస్తోంది. ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో ఫోన్ పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"అంకుల్, ఫైవ్‌కి క్విజ్ సబ్మిట్ చేయాలె. పొద్దుగాల నుంచి ఓపెనే అయితలేదు. టికెట్ పెడితే మండే దాకా ఎవరూ చూడరంట కదా?"

"టికెట్ ఎందుకమ్మా, నేను లేనూ?" అన్నాను. పక్కన నలుగురు వింటున్నారు మరి. చేయి కడుక్కుని, లాప్‌టాప్ తెరిచి, ఆ బటన్ నొక్కి ఆమె క్విజ్‌లోకి వెళ్లాను. ప్రశ్నలన్నీ చక్కగా కనిపించాయి. మూసేసి వచ్చి, "నీ ఫోన్‌తోనే తంటా. రూమ్‌కి వెళ్లి లాప్‌టాప్‌లో రాయి" అన్నాను. లోపలికి వెళ్తానని ముందు అడగలేదు, వెళ్లానని తర్వాత చెప్పనూ లేదు. "థాంక్యూ అంకుల్, మీరు సూపర్" అంది. ఆ మాటకు పొంగిపోయి ఇంకో గరిటె పాయసం వేయించుకున్నాను.

రెండు వారాల తర్వాత విద్యార్థుల క్రమశిక్షణ చూసే ఆఫీసు నుంచి ఒక అభ్యర్థన వచ్చింది. ఒకే క్విజ్‌ను ఒకే అకౌంట్ నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక ఊళ్లో, మూడింటికి ఇంకో ఊళ్లో తెరిచారు. మార్కులు నూటికి నూరు. ఎవరో ముందుగా ప్రశ్నలు చూసిపెట్టారని ప్రొఫెసర్ అనుమానం. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వలేదని విద్యార్థి చెబుతోందట. నేరం రుజువైతే ఒక సెమిస్టర్ సస్పెన్షన్. విద్యార్థి ఎఫ్-వన్ అనే స్టూడెంట్ వీసా మీద ఉంది కాబట్టి సస్పెండ్ అయితే దేశం వదిలి వెళ్లాల్సి రావచ్చని కూడా రాశారు. గోప్యత కోసం పేరు లేదు, నంబర్ మాత్రమే ఉంది.

ప్రొఫెసర్లకు కనిపించే జాబితాలో విద్యార్థి పేరే ఉంటుంది. వెనక అసలు ఎవరున్నారో తెలిసే లాగ్ మా దగ్గరే ఉంటుంది. "అరగంటలో దొంగను పట్టిస్తా" అని మా డైరెక్టర్ డోనాతో గొప్పగా చెప్పి కూర్చున్నాను. అరగంట పట్టలేదు. నాలుగు నిమిషాల్లో దొంగ దొరికాడు. ఒంటిగంట ఎంట్రీ పక్కన నా ఉద్యోగి నంబర్ ఉంది. తేదీ మా వ్రతం రోజుది, అకౌంట్ లిఖితది.

ఆ లాగ్‌ను ఆఫీసులో నేను తప్ప ఎవరూ తెరవరు. 'కారణం నిర్ధారణ కాలేదు' అని రాసేస్తే నా జోలికి వచ్చేవాడే లేడు. రాద్దామా అని పది నిమిషాలు ఆలోచించానని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆ పది నిమిషాలూ నేను నా పెన్షన్ గురించే ఆలోచించాను. ఆ పిల్ల వీసా గుర్తొచ్చింది పదకొండో నిమిషంలో.

డోనా గదికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి, ఈ నియమం రాసింది ఎవరని అడిగింది. నేనేనన్నాను. సరే, ఇప్పుడు చదువుకోండి అంది. ఆ సాయంత్రానికే లిఖిత మీద కేసు ఎత్తేశారు. నాకు రాతపూర్వక హెచ్చరిక ఇచ్చి, నెల రోజులు అడ్మిన్ హక్కులు తీసేశారు. నేను తయారుచేసిన గోప్యత శిక్షణకు నన్నే పంపారు. చివర్లో పెట్టిన పరీక్షలో ఒక ప్రశ్న తప్పాను. ఆ ప్రశ్నా నేను రాసిందే.

లిఖితకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను.

"అంటే ఆ రోజు నా అకౌంట్‌లకి వెళ్లిన్రా అంకుల్? మా అడ్వైజర్‌కి పర్సనల్‌గా రాసిన మెసేజ్‌లు ఉన్నయ్ అందులో. చదివిన్రా?"

"లేదమ్మా, క్విజ్ ఒక్కటే చూశాను."

"నాకెట్ల తెలుస్తది?"

నిజమే, ఎలా తెలుస్తుంది? లాగ్ చూపిద్దామంటే దాన్ని తీసిందీ నేనే. చివరికి డోనా వేరే ఉద్యోగితో లాగ్ తీయించి, ఒక కాపీ ఆమెకు ఇప్పించింది. లిఖిత ఆ కాపీ తీసుకుంది. మా ఇంటికి మాత్రం మళ్లీ రాలేదు.

తర్వాతి సెమిస్టర్‌లో లిఖిత పేరుతో ఒక టికెట్ వచ్చింది. అసైన్‌మెంట్ అప్‌లోడ్ కావడం లేదట. అకౌంట్‌లోకి వెళ్లడానికి అనుమతి ఇస్తారా అన్న చోట 'లేదు' అని ఉంది. ఫోన్ చేసి, ఆమె స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో ఆమెనే చెప్పమని ఒక్కో మెట్టూ చేయించాను. నలభై నిమిషాలు పట్టింది, ఫైలు వెళ్లింది. టికెట్ మూస్తూ 'అకౌంట్ తెరవలేదు' అని రాశాను. తెరవాల్సిన అవసరం వ్రతం రోజున కూడా లేదు. ఫోన్‌లో చూస్తున్నావా, లాప్‌టాప్‌లోనా అమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.