అక్క పోగొట్టని రింగు

ఆ రోజు రబ్బరు రింగు దాచింది నేనే. గవర్నర్‌పేటలో కుక్కర్‌కి గ్యాస్కెట్ కొన్నప్పుడల్లా, ఆ కొత్త రబ్బరు వాసనకి అది గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్న ముచ్చటపడి కొన్న పాత విదేశీ కారులో పెట్రోల్ పంపు పాడైంది. భవానీపురంలో మా ఇంటి ముందే వెనక సీటు ఊడదీసి, దాని కిందున్న ట్యాంకులో కొత్త పంపు బిగించడానికి అక్కను పిలిచాడు.

"ట్యాంకులో పైపు తగిలించాలి, రా అమ్మా."

"నేను చేస్తా నాన్నా!"

"నీకు అరటిపండు తొక్క తియ్యడమే రాదు, జరగరా," అంది అక్క. నాన్న కూడా నవ్వాడు.

ఆయనకు అక్కంటేనే ఇష్టమనుకున్నాను. కడుపు మండిపోయి, ట్యాంకు మూత కింద వేయడానికి నాన్న ఇచ్చిన కొత్త రింగును అక్క పక్కన పెట్టగానే జేబులో వేసుకున్నాను.

తీరా చూస్తే రింగు లేదు. పాతది పెట్రోల్‌కి ఉబ్బిపోయి గాడిలో కూర్చోలేదు.

"నీ చేతికే ఇచ్చానుగా, ఏం చేశావే? నిన్ను పిలవడం నాదే బుద్ధితక్కువ," అన్నాడు నాన్న. పంపు పైకి తీసేసి ట్యాంకు మీద గుడ్డ కప్పాడు.

అక్క ఏడవలేదు. నీళ్ళ కుళాయి దగ్గర చేతులకు సబ్బు రుద్దుకుంటూనే ఉంది.

రాత్రి అన్నం ముందు నుంచి లేచాను. దాచింది నేనేనని చెప్పి, రింగు తీసి నాన్నకిచ్చాను.

"నాకు కాదు, దానికి చెప్పు."

చెప్పాను. "అయితే ఆ పైపేదో నువ్వే పెట్టుకో పో," అంది అక్క.

పెట్టబోయాను. నా బొద్దు చెయ్యి ట్యాంకు మూతి దగ్గరే ఆగిపోయింది. సన్నటి చేతులున్న అక్కనే నాన్న ఎందుకు పిలిచాడో అప్పుడు తెలిసింది.

అక్కను బతిమాలి తీసుకొచ్చాను. ఆమె పైపు తగిలించి, రింగు సరిచేసేదాకా టార్చి పట్టుకుని నిలబడ్డాను.